ఆరోగ్యశ్రీ కార్డు ఆసుపత్రి బిల్లు కడుతుంది, పోయిన వేలికి లెక్క ఎవరు కడతారు?

క్లుప్తంగా: పనిలో దెబ్బ తగిలితే రెండు నష్టాలు వస్తాయి. ఒకటి వైద్యం ఖర్చు, రెండోది ఆగిపోయిన లేదా తగ్గిపోయిన సంపాదన. ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ), ఆయుష్మాన్ భారత్, ప్రైవేటు హెల్త్ పాలసీ చూసేది మొదటిదాన్నే. రెండోది ఈఎస్‌ఐ (కార్మికులకి నెలనెలా చందాతో నడిచే ప్రభుత్వ బీమా) నుంచి రావాలి, ఈఎస్‌ఐ లేకపోతే యజమాని నుంచి రావాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ రెండూ కలిసిపోయి, మొదటిది అందగానే రెండోది అడగకుండా వదిలేస్తున్న కుటుంబాలు ఉన్నాయి. అలా వదిలేసిన డబ్బు కంపెనీకి మిగులు, కుటుంబానికి లోటు.

కార్డు ఉంది కదా అన్న మాట

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ప్రయోగంగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. అంటే ఇక్కడి జనానికి ఆ కార్డుతో అలవాటు ఇవాళ్టిది కాదు. ఏం జరిగినా ముందు కార్డు తీస్తారు, స్థానికంగా కుదరకపోతే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రాసేస్తారు, బండి కట్టించుకుని విశాఖ పోతారు. ప్రాణం మీదకొచ్చినప్పుడు అదే సరైన పని.

చిక్కంతా తర్వాతే. ఆపరేషన్ అయ్యింది, చేతి నుంచి రూపాయి పోలేదు, ఇంటికొచ్చారు. మూడు నెలలు పనికి పోలేరు. ఆ మూడు నెలల జీతం ఎవరిస్తారని అడిగితే "వైద్యం ఉచితంగానే అయ్యింది కదా, ఇంకేం కావాలి" అంటాడు కాంట్రాక్టర్. చాలామంది అది నిజమే అనుకుంటారు.

కానీ కాదు. ఆరోగ్య బీమాకి దెబ్బ ఎక్కడ తగిలిందన్నదానితో పని లేదు, ఏ చికిత్స చేశారన్నదే దానికి ముఖ్యం. పని గాయాల చట్టం చూసేది వేరు: దెబ్బ పని వల్ల, పని సమయంలో తగిలిందా, దానివల్ల మనిషి సంపాదించే శక్తి ఎంత తగ్గింది. పని గాయాలకి పరిహారం ఇప్పించే 1923 నాటి పాత చట్టంలో ఉన్న ఒక మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. కార్మికుడి వైద్యం కోసం యజమాని కట్టిన సొమ్మును కూడా పరిహారంలో జమ వేసుకోవడానికి వీల్లేదు. యజమాని కట్టిన బిల్లుకే ఆ గతి అయినప్పుడు, ప్రభుత్వం కట్టిన బిల్లును చూపించి పరిహారం ఎగ్గొట్టడం ఎలా కుదురుతుంది?

1923లో కుదిరిన ఒప్పందం

వంద ఏళ్ల కిందట మిల్లులో చెయ్యి పోతే కార్మికుడు కోర్టుకెళ్లి తప్పు యజమానిదేనని రుజువు చెయ్యాలి. పక్కవాడి పొరపాటు వల్ల జరిగిందని తేలితే యజమాని తప్పించుకునేవాడు. ప్రమాదం ఉందని తెలిసే పనిలో చేరావు కదా అన్నా కేసు పోయేది. జర్మనీ 1884లో, బ్రిటన్ 1897లో ఈ పద్ధతి మార్చాయి, మన దగ్గర 1923లో కార్మిక నష్టపరిహార చట్టం వచ్చింది.

దాని సారం ఒక ఇచ్చిపుచ్చుకోవడం. కార్మికుడు యజమాని తప్పును రుజువు చెయ్యనక్కర్లేదు, పని వల్ల గాయం అయ్యిందని చూపిస్తే చాలు. యజమాని కట్టాల్సింది ఎంతో ముందే ఒక సూత్రంలో రాసి ఉంటుంది కాబట్టి అతనికీ అంతులేని దావా భయం లేదు. తాగి ఉన్నాడనో, కావాలని మెషీన్‌కున్న సేఫ్టీ గార్డు (రక్షణ కవచం) తీసేశాడనో యజమాని వాదించవచ్చు గానీ, ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వచ్చినా ఆ వాదన కూడా చెల్లదు. ఈ చివరి సంగతి తెలియక "మావాడు తాగి ఉన్నాడంట, ఇంకేం వస్తుందిలే" అని వదిలేసుకున్నవాళ్లు తమకు రావలసిన డబ్బు వదిలేసుకున్నట్టే.

తర్వాత 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది, 1952లో కాన్పూర్, ఢిల్లీలలో అమలు మొదలైంది. ఇందులో యజమాని స్వయంగా కట్టడు, అందరూ నెలనెలా వేసిన చందాతో ఏర్పడిన నిధి కడుతుంది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట, నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. అంటే 15,000 జీతానికి యజమాని 487 రూపాయల 50 పైసలు, కార్మికుడు 112 రూపాయల 50 పైసలు. ఈఎస్‌ఐ వర్తించే మనిషి మళ్లీ పాత చట్టం కింద యజమానిని అడగలేడు, ఆ దారి మూసుకుపోతుంది.

ఒకే బొటనవేలు, రెండు లెక్కలు

మాటలకన్నా అంకెలు తేలిగ్గా అర్థమవుతాయి. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వైపు జూట్ మిల్లు లాంటి చోట 30 ఏళ్ల మనిషి, నెలకి 15,000 జీతం, మెషీన్‌లో బొటనవేలు పూర్తిగా పోయిందనుకుందాం. చట్టంలోని మొదటి షెడ్యూల్ ప్రకారం బొటనవేలు పోతే సంపాదించే శక్తి 30 శాతం పోయినట్టు. చూపుడువేలు అయితే 14 శాతం, మధ్యవేలు 12.

ఈఎస్‌ఐ లేని మనిషికి లెక్క ఇలా వేస్తారు. జీతంలో 60 శాతం అంటే 9,000. దాన్ని 30 ఏళ్ల వయసుకి చట్టం ఇచ్చిన 207.98 అనే గుణకంతో హెచ్చిస్తే 18,71,820 రూపాయలు. అందులో 30 శాతం 5,61,546. ఈ మొత్తం ఒకేసారి యజమాని కట్టాలి. అదే మనిషి చనిపోతే జీతంలో సగాన్ని అదే గుణకంతో హెచ్చించి 15,59,850 రూపాయలు కుటుంబానికి ఇవ్వాలి.

ఈఎస్‌ఐ ఉంటే ఒకేసారి పెద్ద మొత్తం రాదు. సగటు కూలిలో 90 శాతం, అందులో 30 శాతం, అంటే నెలకి సుమారు 4,050 రూపాయలు, బతికున్నంతకాలం. వడ్డీ లెక్క పక్కన పెడితే పన్నెండేళ్ల లోపే ఇది 5.61 లక్షలు దాటిపోతుంది, పైగా ఈ పింఛను ధరలతో పాటు అప్పుడప్పుడు పెరుగుతుంది. 30 ఏళ్ల మనిషికి ఈఎస్‌ఐ మేలు, 60 దాటినవాళ్లకి మాత్రం అంత కచ్చితంగా చెప్పలేం. ఇంట్లో పాత అప్పు ఉన్నవాళ్లు ఒకేసారి వచ్చే డబ్బు వైపే మొగ్గుతారు, అయితే ఇక్కడ ఎంచుకునే వీలు లేదు. ఏ చట్టం వర్తిస్తే అదే.

షెడ్యూల్‌లోని శాతమే చివరి మాట కూడా కాదు. ఒడిశా నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసులో ఒక వడ్రంగి ఎడమ చెయ్యి పోయింది. చెయ్యి పోతే ఇంత శాతం అని షెడ్యూల్‌లో ఉన్నా, ఒంటి చేత్తో వడ్రంగి పని చెయ్యడం అసాధ్యం కాబట్టి అతనికి వంద శాతం నష్టమేనని కోర్టు తేల్చింది. పరిహారం బాధ్యత ప్రమాదం జరిగిన రోజే పుడుతుందని, పరిహారం తేల్చే అధికారి తీర్పు చెప్పిన రోజు కాదని కూడా అందులోనే చెప్పింది. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా పడేది అందుకే.

21 వేల దగ్గర ఉన్న గొయ్యి

ఎక్కువ జీతం ఉంటే ఎక్కువ రక్షణ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. పని గాయాల విషయంలో ఒక చోట ఇది తిరగబడుతుంది.

పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఇద్దరు పక్కపక్కనే పనిచేస్తున్నారనుకుందాం. ఒకరి జీతం 21,000, ఇంకొకరిది 22,000. ఇద్దరికీ ఒకే ప్రమాదంలో కాలు విరిగింది, ఇద్దరూ మూడు నెలలు మంచంలో. 21,000 మనిషికి ఈఎస్‌ఐ ఉంది, జీతంలో 90 శాతం చొప్పున నెలకి దాదాపు 18,900 వస్తుంది. 22,000 మనిషికి ఈఎస్‌ఐ లేదు. పరిహార చట్టం ప్రకారం పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం ఇస్తారు, కానీ లెక్కకి తీసుకునే జీతం 15,000 దాటకూడదు. కాబట్టి అతనికి వచ్చేది నెలకి 7,500. వెయ్యి రూపాయలు ఎక్కువ సంపాదించేవాడికి సగం కూడా రాదు.

ఆ 15,000 పరిమితి 2020 జనవరిలో పెట్టినది, అంతకు ముందు 2010 నుంచి 8,000గా ఉండేది. ఈఎస్‌ఐ 21,000 పరిమితి 2017 జనవరి నాటిది. ధరలు ఏటా పెరుగుతుంటే ఈ గీతలు ఏళ్ల తరబడి కదలవు. గీత కదలనంతకాలం మామూలు ఇంక్రిమెంట్లే మనుషుల్ని ఒక్కొక్కరినీ ఈఎస్‌ఐ బయటికి తోసేస్తాయి. అలా బయటికొచ్చినవాళ్లకి కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీ ఉండొచ్చు, అది ఆసుపత్రి బిల్లుకి సరే, ఇంటద్దెకి కాదు.

ఇంకో చోట కూడా జీతం అంకె దెబ్బ కొడుతుంది. రికార్డులో తొమ్మిది వేలు చూపించి మిగతాది చేతికిస్తే, చందా తగ్గుతుందని యజమానికి లాభం, కోత తగ్గిందని కార్మికుడికీ ఆ నెల బాగానే ఉంటుంది. ప్రమాదం జరిగాక మాత్రం 90 శాతం అయినా 60 శాతం అయినా ఆ తొమ్మిది వేల మీదే మొదలవుతుంది.

కేసు షీటులో ఒక్క వాక్యం

ప్రమాదం తర్వాత మొదటి గంటలో జరిగేదే చాలాసార్లు కేసుని తేలుస్తుంది. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ఎలా జరిగిందని అడుగుతారు, డ్యూటీ డాక్టర్ ఒక వాక్యం రాస్తారు. వెంట వచ్చింది సూపర్‌వైజరో మేస్త్రీయో అయితే "ఇంటి దగ్గర జారి పడ్డాడు" అని చెప్పే అవకాశం ఉంది. మనిషికి స్పృహ ఉన్నా నొప్పితో ఏమీ మాట్లాడడు, ఇంట్లోవాళ్లు ఇంకా దారిలో ఉంటారు. ఆ వాక్యం అక్కడ పడ్డాక ఆరు నెలల తర్వాత లేబర్ ఆఫీసులో పని గాయం అని చెబితే, ఎదుటివైపు లాయర్ ముందు తీసేది ఆ కేసు షీటే.

"ఫ్యాక్టరీలో, ఫలానా మెషీన్ దగ్గర, డ్యూటీలో" అని రాయించడం, మెడికో లీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకి తెలియజేసే కేసు) నమోదు చేయించడం, ఈఎస్‌ఐ ఉంటే ఫారం 12 ప్రమాద నివేదిక కంపెనీ పంపిందో లేదో చూసుకోవడం, ఈ మూడూ జరిగితే తర్వాతి దారి సగం తేలికవుతుంది. ఈఎస్‌ఐలో మన పేరే ఎక్కించలేదని ప్రమాదం తర్వాత తెలిసినా ఆశ వదులుకోనక్కర్లేదు. బీమా రక్షణ పనిలో చేరిన రోజు నుంచే ఉంటుందని, చందా ఆలస్యంగా కట్టినంత మాత్రాన అది పోదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈఎస్‌ఐ సంస్థ ముందు కార్మికుడికి ఇచ్చి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. మామూలు జబ్బు సెలవు డబ్బుకైతే ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల పని కావాలి, అందుకే లాకౌట్లు పడే జూట్ మిల్లుల్లో అది చేజారుతుంది. పని గాయానికి ఆ షరతు లేదు.

ఆర్థిక కోణంలో ఇక్కడ జరుగుతున్నది ఖర్చు చేతులు మారడం. ప్రమాదానికి అయ్యే ఖర్చు కంపెనీ మీద పడితేనే సేఫ్టీ గార్డు కొనడం లాభసాటి అవుతుంది. ఆ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం మీదికి వెళ్లిపోతే, గార్డు లేని మెషీన్ చవకగా కనిపిస్తుంది. జర్మనీలో ప్రమాద బీమా చందా యజమానులే కడతారు, పరిశ్రమ ఎంత ప్రమాదకరమైతే అంత ఎక్కువ. అమెరికాలో కంపెనీ పాత ప్రమాదాల చరిత్రని బట్టి కూడా ప్రీమియం పెరుగుతుంది. మన ఈఎస్‌ఐలో గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్ కొలిమికీ, విజయనగరం బజార్లో బట్టల షాపుకీ ఒకటే 3.25 శాతం. చిన్న సంస్థలకి భారం పెరగకుండా ఇది కాపాడుతుంది, అది మంచిదే. కానీ ప్రమాదం తగ్గించిన యజమానికి చందాలో ఒక్క రూపాయి తగ్గదు, పెంచినవాడికి ఒక్క రూపాయి పెరగదు. ఈ లోటుని ఫ్యాక్టరీల తనిఖీ పూడ్చాలి, తనిఖీ బలహీనమైన చోట పూడ్చేది ఏదీ ఉండదు.

గేటు దగ్గర రాజీ

ఉత్తరాంధ్రలో ఫ్యాక్టరీలో ప్రాణం పోతే తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. గేటు ముందు బైఠాయింపు, ఊరి పెద్దలు, యూనియన్ నాయకులు, పోలీసులు, రాత్రి దాకా చర్చలు, చివరికి ఒక ఎక్స్‌గ్రేషియా అంకె. ఆ పోరాటం లేకపోతే చాలా కుటుంబాలకి తక్షణం ఏమీ అందదు, కాబట్టి దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

అయితే ఆ కాగితం మీద "ఇక ఎలాంటి క్లెయిమ్ ఉండదు" అన్న మాట ఉంటే దాని విలువ తక్కువ. చట్టం ఇచ్చిన హక్కుని వదులుకునే ఒప్పందం చెల్లదు. మరణ పరిహారం యజమాని నేరుగా కుటుంబానికి ఇస్తే అది పరిహారం ఇచ్చినట్టు లెక్క కాదు, మూడు నెలల జీతం మించని అడ్వాన్స్ తప్ప మిగతాదంతా అధికారి దగ్గర డిపాజిట్ చెయ్యాలి. ఇలా ఎందుకు పెట్టారంటే భార్య, చిన్న పిల్లలు, ముసలి తల్లి ఎవరికెంత అన్నది అధికారి పంచాలి, మధ్యలో ఉన్న పెద్దమనుషులు కాదు. కాంట్రాక్టర్ మనిషి అన్నా తప్పించుకోలేరు, అసలు కంపెనీ ముందు కట్టి తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. ఇరవై రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే ఆ 2 లక్షలు వేరే, దాన్నీ ఇందులో తీసెయ్యరు.

పని చెన్నైలో, ఇల్లు శ్రీకాకుళంలో

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలస వెళ్లిన కూలీలు చాలామంది. అంత పెద్ద ఘటన కాబట్టి ప్రభుత్వాలు కదిలాయి. ఒక్క మనిషి ఎక్కడో స్లాబు మీద నుంచి పడిపోతే శవం ఊరికి వస్తుంది, కేసు అక్కడే ఉండిపోతుంది, కుటుంబం మాటిమాటికీ అంత దూరం తిరగలేక ఊరుకుంటుంది.

తిరగక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు లేదా ఆధారపడినవాళ్లు మామూలుగా నివసించే ప్రాంతంలోని అధికారి దగ్గరా క్లెయిమ్ వెయ్యొచ్చు. హైదరాబాద్‌లో జరిగినా గుజరాత్‌లో జరిగినా దరఖాస్తు సొంత జిల్లాలో చాలు. గడువు మాత్రం రెండేళ్లు. ఎవరి దగ్గర పనిచేశాడు, కూలి ఎంత అన్న రుజువే ఇక్కడ కష్టం, అందుకే మేస్త్రీ ఫోన్‌పే చేసిన కూలి డబ్బుల స్క్రీన్‌షాట్లు, వాట్సాప్‌లో పంపిన సైటు ఫొటోలు చెరిపేయకూడదు.

కొత్త కోడ్‌తో ఏం మారింది

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. ఈఎస్‌ఐ చట్టం, నష్టపరిహార చట్టం రెండూ ఇందులో కలిసిపోయాయి. గుణకం, 50 శాతం, 60 శాతం లెక్క అలాగే ఉంది, కొత్త నోటిఫికేషన్లు వచ్చేదాకా పాత అంకెలే ఆధారం.

మారినవాటిలో ముఖ్యమైనవి మూడు. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదానికి పనితో సంబంధం ఉంటే అదీ పని గాయమేనని పరిహారం భాగంలోనూ రాశారు, ఇంతకు ముందు ఇది ఈఎస్‌ఐ చట్టంలోనే స్పష్టంగా ఉండేది. తెల్లవారుజామున షేర్ ఆటోల్లో కిక్కిరిసి హైవే మీద షిఫ్టుకి పోయేవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. రెండోది, ప్రమాదకరమని కేంద్రం ప్రకటించిన పనుల్లో ఒక్క మనిషి ఉన్నా ఈఎస్‌ఐ వర్తింపజేయొచ్చు. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలకీ, పది మంది కూడా లేని చిన్న షెడ్లకీ ఇది ఎంతవరకు చేరుతుందన్నది ఆ ప్రకటనల జాబితా మీద ఆధారపడి ఉంటుంది. మూడోది, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగాన్ని జీతంగానే లెక్కేస్తారు. బేసిక్ తక్కువ చూపించే పద్ధతికి ఇది కొంత అడ్డు, చేతికి నగదు ఇచ్చే పద్ధతికి కాదు.

ఉద్దానం ఈ చట్రంలో ఎక్కడ

పైన చెప్పినదంతా ప్రమాదాల గురించి. పని వల్ల వచ్చే జబ్బులకీ ఇదే చట్టం వర్తిస్తుంది, కానీ షెడ్యూల్‌లో పేరున్న జబ్బు అయితేనే దారి తేలిక. రాయి పొడితో వచ్చే సిలికోసిస్ అందులో ఉంది. జాబితాలో లేని జబ్బుకైతే అది ఫలానా పని వల్లే వచ్చిందని కార్మికుడే చూపించాలి.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇప్పటికీ ఒక్కటిగా తేలలేదు. ఎండలో ఒళ్లు వంచి చేసే పని, నీరు, ఇంకా చాలా అనుమానాలు పరిశోధనలో ఉన్నాయి. తేలినా చట్టానికి ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఒక సీజన్‌లో కొబ్బరి తోటలో, ఇంకో సీజన్‌లో జీడి తోటలో, రోజుకో రైతు దగ్గర కూలి చేసిన మనిషికి యజమాని ఎవరు? పరిహార చట్టం ఒక యజమానిని, ఒక గాయాన్ని, ఒక తేదీని అడుగుతుంది. ఈ మూడింటిలో ఏదీ ఇక్కడ దొరకదు. అందుకే ఉద్దానంలో మొత్తం భారం ప్రభుత్వ ఆరోగ్య పథకం మీద, డయాలసిస్ రోగులకిచ్చే నెలకి 10,000 పింఛను మీద, 2023 డిసెంబర్‌లో పలాసలో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీద పడింది. అక్కడ ప్రభుత్వం మొయ్యడం న్యాయమే, ఎందుకంటే మొయ్యాల్సిన యజమాని లేడు. మిల్లులో తెగిన బొటనవేలికి మాత్రం యజమాని ఉన్నాడు, పేరు ఉంది, హాజరు రిజిస్టర్ ఉంది, దావా వెయ్యడానికి రెండేళ్ల గడువు ఉంది.